పడగొట్టిన ఆసుపత్రి ఎవరి జ్ఞాపకం?

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, సౌతాంప్టన్ పక్కన, నెట్లీ అనే చిన్న ఊరుంది. ఊరి అంచున, సముద్రపు పాయకు ఎదురుగా, ఒక పెద్ద పార్కు. ఆ పచ్చిక మధ్యలో గోపురమున్న చర్చి ఒకటి ఒంటరిగా నిలబడి ఉంటుంది. చుట్టూ ఇళ్లు లేని చోట అంత చర్చి ఎందుకు కట్టారా అని కొత్తగా వెళ్లినవాళ్లకి అనుమానం రావడం సహజం. కట్టినప్పుడు అది విడి కట్టడం కాదు. ఇంజనుతో కలిపి 18 బోగీల రైలంత పొడవున్న ఒక సైనిక ఆసుపత్రికి అది నడుము. పేరు రాయల్ విక్టోరియా ఆసుపత్రి. మూడంతస్తులు, దాదాపు 435 మీటర్ల పొడవు, 138 వార్డులు, సుమారు 1,000 మంచాలు. 1856లో పునాది పడింది, 1863లో తెరిచారు, 1966లో పడగొట్టారు. నడుమొక్కటి ఉంచి మిగతా ఒళ్లంతా తీసేశారు.

పడగొట్టిన భవనాల గురించి రాసేటప్పుడు మనకి అలవాటైన గొంతు ఒకటుంది. అయ్యో, ఎంత అందమైన కట్టడం, ఎంత నిర్లక్ష్యం అనే గొంతు. నెట్లీ విషయంలో ఆ గొంతు అంత తేలిగ్గా పెగలదు. ఎందుకంటే ఇది చెడ్డ ఆసుపత్రి అవుతుందని, గోడలింకా లేస్తున్న రోజుల్లోనే, ఆ సంగతి అందరికన్నా బాగా తెలిసిన మనిషి చెప్పింది. మరి చెడ్డగా కట్టిన ఆసుపత్రి పోతే పోయేదేమిటి? పోయిందని బాధపడే హక్కు ఎవరిది? ఏది ఉంచాలో, ఏది తీసేయాలో ఎవరు తేల్చాలి?

1

క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైనికులు తుపాకీ గుళ్లకన్నా రోగాలతోనే ఎక్కువ చచ్చిపోయారు. ఆ అవమానం నుంచి పుట్టింది నెట్లీ. దూరదేశాల నుంచి ఓడల్లో వచ్చే క్షతగాత్రుల్ని నేరుగా దింపుకునేలా నీటి ఒడ్డున ఒక మహా ఆసుపత్రి కట్టాలనుకున్నారు. 1856 మే 19న విక్టోరియా రాణి స్వయంగా వచ్చి శంకుస్థాపన చేసింది.

ఫ్లోరెన్స్ నైటింగేల్ యుద్ధరంగం నుంచి ఇంటికి చేరింది ఆ ఏడాది ఆగస్టులో. ప్లాన్లు ఆమె చేతికి వచ్చేసరికి పునాదులు పడిపోయాయి. ఆమె అభ్యంతరాలు వింటే ఇవాళ్టి ఇంజనీరుకి కూడా వెంటనే అర్థమవుతాయి. సముద్రం వైపు, ఎండా గాలీ వచ్చే వైపు, పొడవాటి కారిడార్ పెట్టారు. రోగుల వార్డుల్ని దాని వెనక్కి, ఈశాన్యం వైపుకి తోశారు. వార్డులు చిన్నవి. ఎదురెదురు కిటికీలు లేక గాలి అటునుంచి ఇటు ఆడదు. చిన్న చిన్న వార్డులైతే కొద్దిమంది నర్సులు అందరినీ కనిపెట్టుకుని ఉండడం కూడా కష్టమే. ఆమె కోరింది వేరు. విడివిడి బ్లాకులు, ఒక్కో బ్లాకులో ఒక పెద్ద వార్డు, రెండు వైపులా కిటికీలు.

ఆమె నేరుగా ప్రధానమంత్రి పామర్‌స్టన్‌ని కలిసి ఒప్పించింది. రోగుల సౌఖ్యాన్ని బలిపెట్టి, నీళ్లమీద నుంచి చూసేవాళ్లకి దర్జాగా కనపడాలని కట్టిన భవనం ఇది అనే అర్థంలో ఆయన యుద్ధమంత్రి పాన్‌మ్యూర్‌కి ఘాటుగా రాశాడు కూడా. అయినా పని ఆగలేదు. అప్పటికే చాలా డబ్బు పోశాం, ఇప్పుడు ఆపలేం అన్నది జవాబు. చిన్న చిన్న సవరణలు చేసి అదే ప్లాన్‌తో పూర్తి చేశారు.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్లకి ఈ కథ కొత్త కాదు. డిజైన్ రివ్యూకి పిలవాల్సిన మనిషిని సగం కోడ్ రాశాక పిలుస్తాం. ఆవిడ చెప్పినవన్నీ నిజమే అని మీటింగులో ఒప్పుకుంటాం. మినిట్స్‌లో రాసుకుంటాం. తర్వాత అదే డిజైన్‌ని రిలీజ్ చేస్తాం. పోసిన డబ్బు వెనక్కి రాదు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకూడదని ఎకనామిక్స్ పాఠం చెబుతుంది. కానీ పోసిన డబ్బు వెనక పోసినవాళ్ల పరువుంటుంది. పరువు ఎప్పుడూ లెక్కలోకి వస్తుంది. మన దగ్గర దాని ఖరీదు రాత్రి మూడింటికి ఫోన్ మోగడం. నెట్లీలో దాని ఖరీదు మంచం మీద పడుకున్నవాడు కట్టాడు, అదీ 90 ఏళ్లకు పైగా.

ఇక్కడొక మెలిక ఉంది. నైటింగేల్ చెప్పిన కారణం పూర్తిగా సరైంది కాదు. ఆ కాలంలో చాలామందిలాగే ఆమె కూడా చెడ్డ గాలే రోగాలకి మూలమని నమ్మింది. సూక్ష్మజీవుల సిద్ధాంతం ఇంకా నిలదొక్కుకోలేదు. కానీ కారణంలో తేడా ఉన్నా అభ్యంతరం సరైందే. రోగికి ఎండ కావాలి, గాలి కావాలి, నర్సు కంటికి ఆనాలి. ఈ సంగతి తెలియడానికి సిద్ధాంతం అక్కర్లేదు, వార్డులో రాత్రిళ్లు లాంతరు పట్టుకుని తిరిగి ఉంటే చాలు. పక్కన కూర్చున్నవాళ్లకి తెలిసే విషయం ఒకటుంటుంది, ప్లాన్ గీసేవాళ్లకి తెలిసేది ఒకటుంటుంది. నెట్లీలో గెలిచింది రెండోది.

ఆమె కోరిన పద్ధతిలో వూలిచ్‌లో హెర్బర్ట్ ఆసుపత్రి కట్టారు. 1865లో తెరుచుకుంది. అది ఇప్పటికీ ఉంది. ఆసుపత్రిగా కాదు, అపార్ట్‌మెంట్లుగా. మంచి గాలీ వెలుతురూ వచ్చే భవనాన్ని ఎవరైనా ఏదో ఒకలా వాడుకుంటారు.

2

నెట్లీ ప్రధాన భవనాన్ని 1958లో మూసేశారు. 1963లో నిప్పంటుకుని చాలా భాగం పాడైంది. 1966లో కూల్చేశారు. అంత పొడవున్న ముసలి కట్టడాన్ని వెచ్చగా ఉంచడం, కారకుండా ఉంచడం ఎంత ఖర్చో ఊహించుకోవచ్చు. మంచి ఆసుపత్రీ కాదు, చవకైన ఆసుపత్రీ కాదు. లెక్క చూసుకుంటే కూల్చడమే సబబు.

ఈ వాదన ఇక్కడితో ఆగిపోతే వ్యాసం అక్కర్లేదు. కూల్చాక ఏమైందో చూడండి.

ఆ ఆసుపత్రికి వందల పోస్టుకార్డులున్నాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పోస్టుకార్డుల పిచ్చి బాగా నడిచింది. ఇప్పుడు ఎవరైనా నెట్లీ బొమ్మ వెతికితే కనిపించేది ఎక్కువగా అవే. నీటివైపు నుంచి తీసిన బారెడు ముఖభాగం, వరసగా కిటికీలు, మధ్యలో గోపురం. అంటే, ఏ చూపు కోసం రోగుల్ని వెనక్కి తోశారని పామర్‌స్టన్ మండిపడ్డాడో, అదే చూపు మిగిలింది. ఈశాన్యం వైపు చీకటి వార్డు, అందులో నవంబరు నెల మధ్యాహ్నం, అది మిగల్లేదు. భవనం ఉన్నన్నాళ్లూ లోపలికి వెళ్లి చూస్తే దాని అబద్ధం తెలిసేది. కూల్చాక అబద్ధం ఒక్కటే నిజంలా మిగిలింది.

అందుకే చెడ్డ కట్టడాన్ని కూల్చడం దాని తప్పుని సరిదిద్దడం కాదని నాకనిపిస్తుంది. చాలాసార్లు ఆ తప్పుకి సాక్ష్యాన్ని తీసేయడం అవుతుంది. తప్పు చేసినవాళ్లకి ఇంతకంటే మేలు ఎవరూ చేయలేరు. వందేళ్లు గడిచాక బొమ్మ చూసినవాళ్లు “ఎంత బాగుందో” అంటారు. అందులో పడుకున్నవాడికి ఎలా ఉండేదో అడగరు.

అలాగని రోగులకి పనికిరాని భవనాన్ని సాక్ష్యం పేరుతో నిలబెట్టి, అందులోనే రోగుల్ని ఉంచమనడం ఇంకా అన్యాయం. సాక్ష్యం కోసం ఎవర్నీ చీకట్లో పడుకోబెట్టలేం. కాబట్టి ఉంచాలా కూల్చాలా అనే ప్రశ్న దగ్గర ఆగితే చిక్కు విడిపోదు. కూల్చే ముందు ఏది రాసిపెట్టారు, ఎవరి వైపు నుంచి రాసిపెట్టారు అన్నది అసలు ప్రశ్న.

3

మిగిలినవాటి జాబితా చిన్నదే. చర్చి, వెనక చెట్ల మధ్య సైనిక శ్మశానం, డి బ్లాక్ అనే మానసిక చికిత్సాలయం, ఒక పతకం, కొన్ని రీళ్ల సినిమా. వీటిలో ఏది ఎందుకు మిగిలిందో గమనిస్తే మన గురించి మనకే కొంత తెలుస్తుంది.

చర్చిని కావాలని ఉంచారు. ప్రార్థన చేసిన చోటు మీద గునపం వేయడానికి ఏ దేశంలోనైనా చెయ్యి వెనకాడుతుంది. జ్వరంతో మూలిగిన చోటు మీద వేయడానికి అంతగా వెనకాడదు. ఆ గోడల మధ్య దేవుణ్ని ఎక్కువమంది గట్టిగా పిలిచింది చర్చిలోనా, వార్డులోనా అని అడిగితే నేను వార్డులోనే అంటాను. 2018లో చర్చిని పెద్ద ఖర్చుతో బాగుచేసి లోపల ఆసుపత్రి చరిత్ర ప్రదర్శన పెట్టారు. మంచి పనే. కాకపోతే రోగుల కథ రోగులుండని గదిలోంచి చెప్పాల్సి రావడంలో ఒక వెలితి ఉంది.

డి బ్లాక్ సంగతి వేరు. 1870లో తెరిచిన ఈ భాగం సైన్యం కోసం ప్రత్యేకంగా కట్టిన పిచ్చాసుపత్రి. ప్రధాన భవనం పోయాక కూడా 1978 దాకా నడిచింది, తర్వాత పోలీసు శిక్షణకి వాడారు. దాన్ని ఎవరూ జ్ఞాపకచిహ్నంగా కాపాడలేదు. ఎవరికో పనికొచ్చింది కాబట్టి మిగిలింది. పోస్టుకార్డుల మీద చూపించుకునే భాగం పోయింది, దాచిపెట్టిన భాగం నిలిచింది.

పతకం కథ అన్నిటికన్నా విచిత్రం. శంకుస్థాపన రాయి కింద రాణి కొన్ని వస్తువులు పెట్టించింది. భవనం ప్లాన్లు, నాణేలు, క్రిమియా యుద్ధ పతకం, ఒక విక్టోరియా క్రాస్. విక్టోరియా క్రాస్ అంటే శత్రువు ఎదుట చూపిన సాహసానికి బ్రిటన్ ఇచ్చే అత్యున్నత పురస్కారం. దాన్ని నెలకొల్పింది 1856 జనవరిలో. మొదటిసారి సైనికుల గుండెల మీద పెట్టింది 1857 జూన్ 26న, 62 మందికి. నెట్లీ పతకం అంతకు ఏడాది ముందే మట్టిలోకి వెళ్లిపోయింది. 1966లో రాయి ఎత్తినప్పుడు 110 ఏళ్ల తర్వాత బయటపడింది. ఇప్పుడు సైనిక వైద్య మ్యూజియం సొత్తు.

ఆ పతకం ఎవరిదీ కాదు. దాని వెనక ఏ సాహసమూ లేదు. వేలంలో విక్టోరియా క్రాస్ విలువ దాన్ని పొందిన మనిషిని బట్టి, అతను చేసిన పనిని బట్టి ఉంటుంది. ఈ లెక్కన నెట్లీ పతకం ఒక ఖాళీ వరుస. డేటాబేసులో అన్ని కాలమ్‌లూ ఉండి, పేరు దగ్గర మాత్రం నల్ అని ఉండే రికార్డు లాంటిది. దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. మనుషులకి చేరకుండా రాయికి చేరిన గౌరవం అని ఒక చదువు. పేరు లేని వేలమంది రోగులందరికీ కలిపి ఒక్కటే పతకం అని ఇంకో చదువు. రెండోది వినడానికి బాగుంటుంది. అది నిజం కావాలంటే ఎవరైనా ఆ ఉద్దేశంతో పెట్టి ఉండాలి. పెట్టినవాళ్ల ఉద్దేశం అది కాదు. అర్థాన్ని మనం తర్వాత పోస్తున్నాం. పోయొచ్చు, తప్పులేదు, పోస్తున్నది మనమే అని గుర్తుంచుకుంటే చాలు.

4

ఇక ఊరి జ్ఞాపకాలు. నెట్లీ చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకునే కథల్లో ముందుండేది జీపుల కథ. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో, ఈ ఆసుపత్రిని అమెరికన్ నౌకాదళం తీసుకుంది. కారిడార్లు అంత పొడవు కదా, నడవలేక అమెరికన్లు వాటిల్లో జీపులు నడిపేవారట. ఎన్ని జీపులు, ఎన్నిసార్లు అని ఆరా తీస్తే కథ ఎంతవరకు నిలుస్తుందో గానీ, ఆ కారిడార్ పొడవు ఎంతో మీటర్లలో చెబితే ఎక్కదు, జీపుతో చెబితే ఎక్కుతుంది. ఊరివాళ్ల జ్ఞాపకం కొలతల్ని ఇలాగే దాచుకుంటుంది.

రెండోది దయ్యం కథ. బూడిదరంగు దుస్తుల్లో ఒక నర్సు కారిడార్లలో తిరిగేదని, ఒక రోగికి పొరపాటున వేరే మందు ఇచ్చి అతని చావుకి కారణమైందని, ఆ బాధతో ప్రాణం తీసుకుందని. మన దగ్గర కూడా పాత ఆసుపత్రి ఉన్న ప్రతి ఊళ్లో ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. నన్ను ఆలోచింపజేసింది కథలో దయ్యం ఎవరన్నది. లెక్కలేనంతమంది సైనికులు ఆ చోట ప్రాణాలు విడిచారు. శ్మశానంలో ఒక్క మొదటి ప్రపంచ యుద్ధకాలపు సమాధులే 600కి పైగా ఉన్నాయి, అందులో జర్మన్ ఖైదీలవి కూడా ఉన్నాయి. ఊరి కథలో మాత్రం తిరిగేది సైనికుడు కాదు, నర్సు.

ఎందుకంటే నర్సు ఊరికి తెలిసిన మనిషి. ఆసుపత్రిలో పనిచేసే వంటవాళ్లు, చాకలివాళ్లు, తోటమాలులు, క్లర్కులు, వాళ్ల పిల్లలు, వీళ్లది ఆ ఊరు. వాళ్లకి గుర్తుండేది పని, పండగ, జీపు, నర్సు. రోగి ఆ ఊరివాడు కాదు. ఓడలోనో రైల్లోనో వస్తాడు, కొన్నాళ్లు పడుకుంటాడు, బాగైతే వెళ్లిపోతాడు, లేకపోతే వెనక చెట్లలోకి వెళతాడు. ఏ ఆసుపత్రికైనా ఇది వర్తిస్తుంది గానీ దండు ఆసుపత్రికి మరీ ఎక్కువ. ఆసుపత్రి గురించిన స్థానిక జ్ఞాపకం నిర్మాణరీత్యా రోగి లేని జ్ఞాపకం. ఇది ఎవరి తప్పూ కాదు. ఊరు తనకి తెలిసినవాళ్లని గుర్తుపెట్టుకుంది. అలాగని ఊరి జ్ఞాపకమే ఆ చోటి జ్ఞాపకమని మనం అనుకుంటే మాత్రం తప్పు మనదే.

సౌతాంప్టన్‌లో పెరిగిన రచయిత ఫిలిప్ హోర్ 2001లో ఈ ఆసుపత్రి మీద ‘స్పైక్ ఐలండ్’ అనే పుస్తకం రాశాడు. ఊరి చరిత్ర, ఆసుపత్రి చరిత్ర, సొంత కుటుంబ చరిత్ర కలిపి అల్లిన పుస్తకం అది. పక్కూరివాడు, ఆ చోటు తన పుట్టుకకన్నా పెద్దదని తెలుసుకుని రాస్తే ఎలా ఉంటుందో చూడటానికైనా చదవాలి.

5

మరి రోగి ఎక్కడ మిగిలాడు? ముఖ్యంగా ఒక చోట. 1917లో నెట్లీలో ఆర్థర్ హర్స్ట్ అనే సైనిక వైద్యుడు యుద్ధంలో మనసు చెదిరిన సైనికుల్ని సినిమా తీయించాడు. పేరు ‘వార్ న్యూరోసిస్’. నిలబడలేక ఊగిపోయేవాళ్లు, అడుగు తీయబోతే కాళ్లు మెలిపడేవాళ్లు, చేతులు ఆగకుండా వణికేవాళ్లు. చికిత్సకి ముందు, తర్వాత అని పక్కపక్కన చూపిస్తారు. ‘ముందు’ దృశ్యాల్లో కొన్ని తర్వాత మళ్లీ నటింపజేసి తీసినవేమో అని చరిత్రకారులకి అనుమానం ఉంది. నాకు మాత్రం ఆ అనుమానం కన్నా వేరే ఇబ్బంది ఎక్కువ. సగం బట్టలతో వణుకుతున్న మనిషి, తన వణుకుని నూరేళ్ల తర్వాత ఫోన్‌లో ఎవరో చూస్తారని ఒప్పుకోలేదు. ఆ ఒప్పుకోలు అడిగే వీలు కూడా ఇక లేదు. చూడకపోతే అతను పూర్తిగా పోతాడు. చూస్తే అతని సిగ్గుని మనం వాడుకున్నట్టవుతుంది.

నేను చూశాను. ఈ ప్రశ్నకి నిక్కచ్చి జవాబు నా దగ్గర లేదు గానీ ఒక తేడా మాత్రం తెలుసు. వైద్యుడి విజయానికి రుజువుగా తీసిన సినిమాని, రోగికి యుద్ధం ఏం చేసిందో చెప్పే రుజువుగా చూడొచ్చు. తీసినవాడి ఉద్దేశానికి ఎదురు చూడటం అన్నమాట. రాయి కింద పతకం రేపటివాళ్లు చూడాలని పెట్టింది, అందుకే అది పెద్దగా ఏమీ చెప్పదు. ఈ సినిమా మనకోసం తీసింది కాదు, అందుకే చాలా చెబుతుంది.

ఇలాంటిదే ఇంకోటి మనకి సంబంధించినది. 1914 శరత్కాలంలో ఫ్రాన్స్‌లో గాయపడ్డ భారత సిపాయిల్ని నెట్లీకి తెచ్చారు. వాళ్లకి సేవ చేయడానికి లండన్‌లో ఉన్న గాంధీ 80 మంది దాకా భారతీయులతో ఒక అంబులెన్స్ దళం కూర్చాడు. దళానికి నాయకుల్ని తమని అడక్కుండా పైనుంచి నియమించారని సభ్యులు ఎదురు తిరిగారు. గాంధీ ఊపిరితిత్తుల పొర వాపుతో మంచం మీద ఉండి వాళ్ల తరఫున ఉత్తరాలు నడిపాడు. కొందరు నెట్లీకి వెళ్లారు, కొందరు తగువు తేలేదాకా వెళ్లనన్నారు. ఆయన ఆత్మకథలో దీన్నొక చిన్న సత్యాగ్రహంగా చెప్పుకున్నాడు. ఆ రోజుల్లోనే ఆయనకి సరోజినీ నాయుడుతో మొదటి పరిచయం. మన హైదరాబాదు మనిషి, లండన్‌లో ఆడవాళ్ల క్లబ్బులో సైనికులకోసం బట్టలు కుట్టించే పనిలో ఉండి, కత్తిరించిన గుడ్డల మూట ఆయన ముందు పడేసి కుట్టించుకు రమ్మంది.

గాంధీ మిగిలాడు, సరోజిని మిగిలింది. ఆ మంచాల మీది సిపాయిలు? ఫ్రాన్స్ నుంచి, ఇంగ్లండ్ ఆసుపత్రుల నుంచి వాళ్లు ఇంటికి రాసుకున్న, రాయించుకున్న ఉత్తరాల్ని సెన్సారు అధికారులు విప్పి చదివి, అనువాదం చేయించి, నివేదికలు పంపారు. ఆ నివేదికలు ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అనుమానంతో చదివినవాళ్లు ఉండబట్టి ఆ మాటలు మిగిలాయి. ప్రేమగా చదువుకుని గూట్లో పెట్టుకున్న ఉత్తరాలు చెదలు పట్టిపోయి ఉంటాయి.

నెట్లీ నుంచి మన దాకా వచ్చిన దారి ఇంకొకటుంది. 1863 నుంచి దాదాపు 40 ఏళ్లు సైనిక వైద్య పాఠశాల అక్కడే నడిచింది. కథల్లో డాక్టర్ వాట్సన్ చదివింది అక్కడే. ఆ ఆసుపత్రి రోగుల్లో ఎవరికీ లేనంత పేరు, లేని మనిషైన వాట్సన్‌కి ఉంది. నిజంగా ఉన్న మనుషుల్లో రోనాల్డ్ రాస్ 1881లో అక్కడ నాలుగు నెలలు చదువుకుని ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. మలేరియా అన్న మాటకి ఇటాలియన్‌లో చెడ్డ గాలి అని అర్థం. గాలి ఆడదని నైటింగేల్ తిట్టిన ఆసుపత్రిలో చదువుకున్నవాడే, ఆ జ్వరం గాలిలో లేదని బేగంపేట పక్కన తేల్చాడు. 1902లో నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆయన పేరుతో భవనం ఉంది, ఫలకం ఉంది.

ఆ ప్రయోగంలో దోమలకి రక్తమిచ్చిన జ్వరరోగి కూడా ఒకడున్నాడు. దోమకో అణా చొప్పున ఇచ్చారు. బేగంపేట రోడ్డు మీద ఇవాళ రాస్ పేరు తెలిసినవాళ్లు ఎందరుంటారో గానీ, ఆ రోగి సంగతి తెలిసినవాళ్లు చాలా తక్కువమంది ఉంటారు. నెట్లీ రాయి కింద ఏ పనీ చేయని పతకం భద్రంగా ఉన్న రోజుల్లోనే, ఇక్కడ పని చేసినవాడికి అణాలు దక్కాయి.

6

ఈ గొడవంతా నెట్లీ కోసమేనా అంటే కాదు. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం ఉంది. విన్సెంట్ ఎష్ గీసిన, వందేళ్ల నాటి గుమ్మటాల భవనం. 2015లో కూల్చాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు నగరం రెండుగా చీలింది. 2020 జూలైలో వార్డుల్లోకి వాననీళ్లు వచ్చి, రోగులు మంచాల మీద చిక్కుకున్న వీడియోలు చూశాం. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. పాత భవనాన్ని కాపాడాలనే వాళ్లతో నేనూ ఉన్నాను. కానీ ఆ వాదనలో గుమ్మటాల గురించి విన్నంతగా వార్డుల గురించి వినలేదు. కూల్చాలనే వాళ్లు రోగుల పేరు చెప్పారు, కాపాడాలనే వాళ్లు నగరం పేరు చెప్పారు. అక్కడ అమ్మని చేర్పించి వరండాలో చాప పరుచుకుని పడుకున్న ఏ జిల్లా మనిషినో ఎవరైనా మాట్లాడించారా? అతను ఈ ఊరివాడు కాదు. డిశ్చార్జి కాగితం పట్టుకుని బస్సెక్కి వెళ్లిపోయాడు.

అదే ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 మూసీ వరదలో దాని కొమ్మలు పట్టుకుని 150 మంది దాకా బతికారని చెబుతారు. ఆ చెట్టుని ఎవరూ గుర్తు కోసం నాటలేదు. ఎవరి ముఖభాగమూ కాదు. ప్రాణం కోసం పట్టుకున్న చేతుల వల్ల అది గుర్తుగా మారింది. ఆసుపత్రికి ఏదైనా ఒక గుర్తు మిగలాలంటే అలాంటిది మిగలాలని నా కోరిక.

ఆసుపత్రిని నిలబెట్టాలా కూల్చాలా అన్నది చాలావరకు రోగి అవసరాన్ని బట్టి తేలాలి. అందంగా ఉందని రోగిని ఇబ్బంది పెట్టే హక్కు ఎవరికీ లేదు, నెట్లీ పుట్టుకలో జరిగిన తప్పే అది. కానీ కూల్చేముందు ఆ చోటుకి మనం ఒక బాకీ తీర్చాలి. మంచం మీద నుంచి ఏం కనిపించేదో రాసుకోవాలి. కిటికీ ఎటువైపు ఉండేది, రాత్రి పిలిస్తే ఎవరు పలికేవాళ్లు, నీళ్లు ఎంత దూరం, శవాన్ని ఏ గుమ్మంలోంచి తీసుకెళ్లేవాళ్లు. ఊళ్లో ఉండిపోయినవాళ్లని అడిగితే సగమే తెలుస్తుంది. మిగతా సగం వెళ్లిపోయినవాళ్ల దగ్గర ఉంది. వాళ్లని వెతుక్కుంటూ ఆ బస్సుల వెంట వెళ్లడం కష్టమైన పని, గోపురానికి రంగు వేయించడమంత సులువు కాదు. అందుకే మనం సాధారణంగా గోపురానికి రంగు వేయిస్తాం.